డబ్బాల కింద చట్టం

"ప్రభుత్వ కాగితాన్ని పప్పు డబ్బాల కింద పరుస్తారా ఎవరైనా?" అని ఆయన వంటగది గుమ్మంలో నిలబడి అరిచాడు.

"పరవక? నెత్తిన పెట్టుకోవాలా?" అంది భార్య, పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూడకుండానే. "నాలుగు నెలలుగా వరండా మూలన కట్టలు కట్టలు పడున్నాయి. ఒక్కటైనా విప్పి చూసిన పాపాన పోయారా? తెల్లగా ఉంది, మందంగా ఉంది. బొద్దింకలు కూడా దాని మీద నడవడానికి జంకుతున్నాయి."

"అది బిల్లే. శాసనసభలో పెట్టిన బిల్లు."

"అందుకే కాబోలు, బరువు బాగా మోస్తోంది."

ఆయన అర దగ్గరకు వెళ్ళి చూశాడు. అర బయటకు వేలాడే అంచును ఆవిడ కత్తెరతో వంకీలు వంకీలుగా, లంగాకు కుచ్చు కుట్టినట్టు కత్తిరించింది. ఆ వంకీల పైన, రెండు డబ్బాల నడుమ, ఎర్రసిరా కనిపించింది. గురువారం నుంచి ఇల్లంతా వెతుకుతున్న కాగితం అది. "కత్తిరించావా? దీన్ని కత్తిరించావా?" అన్నాడు, అరవడానికి కూడా ఓపిక లేనట్టు.

"మీ చట్టంలో నేను కత్తిరించింది అంచు ఒక్కటే. మీరేదో దస్తావేజు చింపినట్టు మాట్లాడతారేం?"

భోజనాల బల్ల దగ్గర అప్పటికే తన కుర్చీలో కూర్చున్న తల్లి, బాగా వినబడే చెవిని ఇటు తిప్పి, "ఏమిట్రా ఆ గోల? ఎవరు పోయారు?" అంది. "ఎవరూ పోలేదత్తయ్యా, చట్టం పోయింది, వెతుకుతున్నారు," అంది కోడలు. ఆయన కాగితం కొస పట్టుకుని లాగాడు. లాగిన మనిషి డబ్బాలు దించి లాగాలని ఆలోచించలేదు. కందిపప్పు డబ్బా బోర్లా పడి, మూత ఒక మూలకూ పప్పు నాలుగు మూలలకూ పోయింది. నేలంతా పప్పు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని పప్పునూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. "ఇది ఏరి, కడిగి, ఉడికేసరికి రెండవుతుంది. అందాకా పోయి మీ చట్టాన్నే నములుతూ కూర్చోండి," అంది.

అలా ఆయనకు ఒక గంట దొరికింది. అడగని గంట.

ముందుగది తలుపు దగ్గరకు వేసుకుని, బల్ల మీద కాగితాన్ని అరచేత్తో సాపు చేశాడు. డబ్బా అడుగు నూనె మరక గుండ్రంగా పడింది, సరిగ్గా తొమ్మిదో సెక్షన్ చుట్టూ, ఎవరో కావాలని సున్నా చుట్టి చూపించినట్టు. మరక పడినచోట కాగితం పల్చనై, అవతలి పక్క అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. సెక్షన్ అచ్చు స్పష్టంగానే ఉంది: పాత బజార్ల పునర్నిర్మాణానికి కొట్లు ఖాళీ చేయించే విషయంలో ఏ సివిల్ కోర్టూ దావాలు విచారించరాదు. అంతే. అచ్చులో అంతే ఉంది. "దావాలు" అన్నమాట మీద ఒక గీత, గీత నుంచి అంచు దాకా ఒక బాణం, బాణం కొసన తన చేతిరాత: నడుస్తున్న దావాలతో సహా. మూడే మాటలు. ఆఖరి మాటలో సగం కత్తెర పాలైంది, 'స' మాత్రం మిగిలింది. మిగిలినంతవరకూ చాలు. ఆ ఎర్రసిరా ఎవరిదో, ఆ వాలు ఎవరి చేతిదో ఈ ఊరి కోర్టులో బంట్రోతును లేపి అడిగినా చెబుతాడు. గురువారం నుంచి దీన్ని వెతుకుతున్నాడు సరే, దొరికితే ఏం చేద్దామని వెతికినట్టు? చింపడానికా, చూపించడానికా? మూడు రోజులూ తనను తాను ఆ మాట అడగలేదు. వెతుకుతున్నంతసేపూ అడగనక్కర్లేకపోయింది. ఇప్పుడు దొరికింది.

గడియారం ఒంటిగంటా ఐదు. మూడు గంటలకు పార్టీ జిల్లా అధ్యక్షుడు నామినేషన్ కాగితాలు పట్టుకుని వస్తాడు. సంతకం పెడితే ఇంకో ఐదేళ్ళు. ఇంకో ఐదేళ్ళు అనుకోగానే భుజాలు వాటంతటవే కిందికి జారాయి. బీరువా అద్దంలో తన బొమ్మ కనిపించింది, జ్ఞాపికల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా. ఈ బీరువాలో లా రిపోర్టులు ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయి, వెనక వరసలో. వాటి ముందు గాజు దీపాలు, చెక్క పలకలు, ఇత్తడి పూలు, రెక్కలు చాచిన పక్షి, ఎందుకిచ్చారో ఎవరిచ్చారో గుర్తులేని ఒక పెద్ద పెన్ను. పుస్తకం కావాలంటే ముప్పై జ్ఞాపికలు దించాలి, అందుకని పుస్తకం అక్కర్లేకుండానే రోజులు గడిచిపోయాయి. కూతురు మాత్రం పక్క నుంచి రెండు వేళ్ళు దూర్చి, పిల్లి దొంగపాలు తాగినట్టు చప్పుడు కాకుండా, కావలసిన సంపుటం లాక్కుంటుంది. ప్రతి ఆదివారం వీటి దుమ్ము దులుపుతూ భార్య, "మీకు గౌరవం, నాకు నడుంనొప్పి," అంటుంది. ఒకప్పుడు ఈ గోడ పొడుగునా బెంచీ ఉండేది. కక్షిదారులు కూర్చుని కూర్చుని అద్దంలా నున్నబడిన బెంచీ, చివర ఒక్కచోటే గరుకు, అక్కడ గోడ మేకు వీపుకు తగులుతుందని ఎవరూ కూర్చునేవారు కాదు. ఎమ్మెల్యేగా గెలిచిన నెలలోనే బెంచీ పెరట్లోకి పోయింది, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు ఒరుసుకుని, ఒకళ్ళ గోడు ఒకళ్ళు వినేవారు. కుర్చీలవాళ్ళు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారు.

కుర్చీ అంటే పెద్ద ప్లీడరుగారు గుర్తొస్తారు. తనను జూనియరుగా చేర్చుకున్న తొలిరోజు కుర్చీ చూపించలేదాయన, మూడు నెలలు నిలబెట్టే పని నేర్పారు. దావా రాశాక గొంతెత్తి చదివించేవారు, కక్షిదారు ఎదురుగా. "నీ కాగితం నీ కక్షిదారుకు అర్థం కాకపోతే జడ్జికేం అర్థమవుతుందోయ్?" అనేవారు. ఇంకొకటి కూడా అనేవారు. "ఏది రాసినా అవతలి వకీలు కుర్చీలో కూర్చుని రాయి. వాడు ఎక్కడి నుంచి దూరతాడో చూడు. అక్కడ గోడ కట్టు." ఆ రెండో మాట ఎముకల్లోకి ఇంకిపోయింది. మొదటిది ఎప్పుడు జారిపోయిందో తెలియదు. వానలో తడిసిన గొడుగులా అది ఏ గుమ్మం దగ్గరో వదిలేసి వచ్చినట్టున్నాడు.

గొడుగు. గొడుగులామె ఈ గదికి మొదటిసారి వచ్చినరోజు వానే. చేతిలో గొడుగు లేదు. తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని వచ్చింది. "ఊరందరి గొడుగులూ బాగుచేస్తావు, నీకొకటి లేదా?" అని అడిగితే, "ఉన్నవన్నీ ఎవరివో ఒకరివేనండి, తడిపితే బాగుంటుందా?" అంది. అప్పటికి భర్త పోయి ఏడాది. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల లోతు కొట్టు, పాత బజారు వరసలో చివరి నుంచి మూడోది. మున్సిపాలిటీవాళ్ళు కాలవ మీదికి అడుగు ఆక్రమించావు, ఖాళీ చెయ్యమన్నారు. పదహారేళ్ళ కిందటి మాట. తను దావా వేశాడు, స్టే తెచ్చాడు. ఓవర్సీరును బోను ఎక్కించిన రోజు ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. "దేనితో కొలిచారు?" "టేపుతో." "ఆ టేపు తెచ్చారా?" తెచ్చాడు పాపం, నిజాయితీపరుడే. టేపు విప్పితే మొదట్లో ఒక అడుగు తెగిపోయి ఉంది. రెండో అడుగు నుంచే మొదలు. ఎనిమిదేళ్ళుగా దానితోనే ఊరంతా కొలుస్తున్నాడు. "ఆ అడుగు ఈవిడ ఆక్రమించలేదండీ, వారి టేపు ఆక్రమించింది," అన్నాడు తను. జడ్జిగారు నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు అందుకున్నారు. మర్నాటికల్లా బజారు బజారంతా తన వెంట ఉంది. నలభై కొట్లవాళ్ళూ తమ నోటీసుల మీద వకాల్తాలు ఇచ్చారు, ఆ దావాలన్నీ స్టేల మీద ఏళ్ళ తరబడి నడిచాయి. తర్వాత ఓట్లు ఇచ్చారు. తెగిపోయిన ఆ ఒక్క అడుగు మీద నడిచి తను సభలోకి వెళ్ళాడు, ఆలోచిస్తే.

సభలో తన సీటు వెనక నుంచి మూడో వరస, స్తంభం పక్కన. స్తంభం వల్ల టీవీలో కనిపించడు. మొదట్లో భార్య వార్తలు చూస్తూ, "మోచెయ్యి కనిపించింది, మీదేనా?" అనేది. మాట్లాడే అవకాశం వస్తే మైకు మీద ఎర్రదీపం వెలుగుతుంది. నాలుగున్నరేళ్ళలో తన ముందు అది నాలుగుసార్లు వెలిగింది, అందులో ఒకసారి పొరపాటున. మిగతాదంతా సిఫారసు ఉత్తరాలు, బదిలీలు, బడి గోడలు, రిబ్బన్లు, పెళ్ళిళ్ళు, పరామర్శలు. పొద్దున ఆరింటికి మొదలయ్యే మనుషులు. వచ్చినవాడు అడిగేది తన చేతిలో ఉండదు. లేదని చెబితే వాడు ఊరుకోడు. కోర్టులో ఇరవై రెండేళ్ళు ఒక్క వాయిదా కోరకుండా నడిపాడని పేరున్న మనిషి, ఇక్కడికొచ్చి ఒక మాట నేర్చుకున్నాడు: చూద్దాం. ఎంత మెత్తటి మాట. కాదనడమూ కాదు, అవుననడమూ కాదు, విన్నవాడు సగం కడుపు నింపుకుని పోతాడు. ఊళ్ళో 'చూద్దాం సారు' అంటున్నారని డ్రైవరు ద్వారా తెలిసింది. కోపం రాలేదు. అలిసిపోయినవాడికి కోపం కూడా ఒక పనే. రాత్రి పడుకున్నాక కాళ్ళు లాగుతాయి, నడిచిందేమీ లేకపోయినా.

అందుకేనేమో ఆరోజు అలా జరిగింది. అందుకే అని అనుకోవడం కూడా ఒక వాదనే, తెలుసు, తన వాదనలు తనకు తెలియవా. సమావేశాల ఆఖరిరోజు. పదకొండు బిల్లులు, ఒక్క మధ్యాహ్నం. పొద్దున అందరికీ ప్రతులు పంచారు. క్యాంటీన్‌లో టీ తాగుతుంటే న్యాయశాఖ అధికారి వచ్చాడు, కుర్రతనం పోని కళ్ళజోడు మనిషి. "సార్, మీరు సివిల్ చేసినవారు కదా, ఈ తొమ్మిదో సెక్షన్ ఒక్కసారి చూస్తారా? ఎక్కడో వదులుగా ఉందనిపిస్తోంది," అన్నాడు. నాలుగున్నరేళ్ళలో తనను ఎవరైనా తెలివి అడిగింది అదొక్కసారే. ఉత్తరం కాదు, సంతకం కాదు, తెలివి. మూల పడేసిన కత్తిని ఎవరో తీసి సానరాయి మీద పెట్టినట్టయింది ఒళ్ళంతా. సెక్షన్ చదివాడు. అవతలి వకీలు కుర్చీలో కూర్చున్నాడు, పెద్ద ప్లీడరుగారు చెప్పినట్టే. ఎక్కడి నుంచి దూరతాడు? ఇదిగో, ఇక్కడి నుంచి. కొత్త దావాలు విచారించకూడదన్నారు, సరే, ఇప్పటికే కోర్టులో ఉన్నవాటి మాటేమిటి? కాస్త బుర్ర ఉన్న ప్లీడరెవడైనా ఈ సందులోంచి బండి తోలుకుపోతాడు. జేబులో ఎర్ర పెన్ను, పాత అలవాటు. తన ప్రతి మీద మూడు మాటలు రాసి చూసుకున్నాడు. బాగుంది. బిగుతుగా ఉంది. అదే ఆ అధికారి ప్రతి మీద రాసిచ్చాడు. "వాహ్ సార్," అన్నాడు కళ్ళజోడు. టీ ఇంకా వేడిగానే ఉంది. మధ్యాహ్నం బిల్లు పేరు చదివారు, అందరూ అవునన్నారు, తనూ అవునన్నాడు. ఆ మూడు మాటలు సభలో ఎవరూ చదివి వినిపించలేదు. చదివి వినిపించాలి, అది పద్ధతి. సభ్యుల చేతుల్లో ఉన్న కాగితంలో అవి లేవు. ఆ తర్వాత అచ్చయిన చట్టంలో ఉన్నాయి. పొద్దుటి ప్రతిని దాచుకున్న సభ్యుడెవడు? దాచుకున్నా నోరు విప్పేదెవడు? ఆ పని చెయ్యగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, వాడి ప్రతి ఇందాకటి దాకా డబ్బాల కింద ఉంది.

అవతలి వకీలు ఎవరో ఆ టీ చల్లారేలోపు ఒక్క క్షణమైనా ఆలోచించి ఉంటే. ఆ సందులోంచి బండి తోలుకుపోవలసినవాడు తనే కదా. తన బండిలో కూర్చున్నది గొడుగులామె, ఆమె వెనక నలభై కొట్లవాళ్ళు. ముఖం ఒక్కటీ కళ్ళ ముందుకు రాలేదు. సందు ఒక్కటే కనిపించింది. చెప్పులు కుట్టేవాడికి కాళ్ళే కనిపిస్తాయంటారు, తనకు ఆ కాళ్ళు కూడా కనిపించలేదు.

గురువారం సాయంత్రం కూతురు కోర్టు నుంచి వచ్చి నల్లకోటు కుర్చీ మీద విసిరేసింది. తను సభకు వెళ్ళాక ఆ ఫైళ్ళన్నీ ఆమే చూస్తోంది. తాగమని అమ్మ ఇచ్చిన నీళ్ళు తాగలేదు. "గొడుగులామె దావా కొట్టేశారు నాన్నా. నలభై దావాలూ ఒక్కరోజే. వాదించడానికి కూడా లేదు. జడ్జిగారే బాధపడ్డారు. పది రోజుల్లో ఖాళీ చెయ్యాలి," అంది. తర్వాత చట్టం ప్రతిని బల్ల మీద కొట్టి, "ఎవడు రాశాడో గానీ సందన్నది లేకుండా రాశాడు. వాడి చెయ్యి విరగ," అంది. అప్పుడు, ఆ మాట చెవిన పడ్డ ఆ క్షణంలో, తన లోపల ఎక్కడో ఒక చిన్న దీపం వెలిగింది. ఎర్రదీపం కాదు, అంతకంటే పాతది. మొదటి కేసు గెలిచిననాటిది. సందన్నది లేకుండా రాశాడు. తన కూతురు, తనకంటే పదునైన కూతురు, మెచ్చుకుంది. ఒక్క క్షణమే. తర్వాత ఆ దీపం వెలుగులోనే మిగతాదంతా కనిపించింది. పెరట్లోకి వెళ్ళి, పాత బెంచీ మీద, ఆ గరుకు చివరన, చీకటి పడేదాకా కూర్చున్నాడు. కొట్టు పోతుందన్నది ఒక బాధ. అది తన చేత్తో పోయిందన్నది ఇంకో బాధ. ఆ క్షణం సంతోషపడ్డాడన్నది అన్నిటికంటే కింద, అడుగున, కదిలిస్తే పైకి తేలే మడ్డిలా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలి? చెబితే కూతురు అడుగుతుంది, ఎందుకు రాశావని. అడిగారు కాబట్టి అనాలా?

వరండాలో అడుగుల చప్పుడు. పార్టీవాళ్ళు అప్పుడే వచ్చేశారా అని కిటికీ తెర కాస్త పక్కకు లాగి చూశాడు. పార్టీ కాదు. గొడుగులామె. చంకలో గొడుగుల మోపు, పుల్లలు కట్టినట్టు తాడుతో కట్టి. ఒక్కో పిడికి ఒక్కో చీటీ. జుట్టు చాలా నెరిసింది, లేక తనే చాలారోజులుగా చూడలేదు. భార్య తడిచేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"అమ్మగారూ, ప్లీడరుగారి గొడుగు. రెండు ఊచలు కొత్తవి వేశాను. గుడ్డ పాతదే, గట్టిగానే ఉంది."

"ఇదెప్పటిదే? ఆయన పారేసుకున్నారనుకున్నాను."

"ఎలక్షన్ల ముందు ఇచ్చారండి. తర్వాత కారొచ్చింది. ఆయనకు వానలో నడిచే పని లేకపోయింది, నాకు గుర్తుచేసే పని లేకపోయింది." నవ్వింది. "ఇప్పుడు కొట్టు ఖాళీ చెయ్యాలి కదా. ఒకరి వస్తువు నా దగ్గర ఉండిపోకూడదు. ఇంకా పదకొండు ఇవ్వాలి."

"లోపలికి రా. ఆయన ఉన్నారు, పిలుస్తాను."

"వద్దమ్మా. ఎంతైనా చేశారు పదహారేళ్ళు. పైవాళ్ళు చట్టమే మార్చేశాక ఆయనొక్కరు ఏం చేస్తారు పాపం. నన్ను చూస్తే ఆయనే ఇదైపోతారు. కాసిని మంచినీళ్ళు ఇప్పించండి, చాలు."

పాపం అంది. తనను పాపం అంది. ఊరంతా సార్ అని పిలిచే మనిషిని ఇంకా ప్లీడరుగారు అంటుంది, ఆ పేరు రాసిన చీటీనే నాలుగున్నరేళ్ళు గొడుగు పిడికి ఉంచింది. ఇక్కడి నుంచి గుమ్మానికి ఆరడుగులు, తెగని టేపుతో కొలిచినా ఆరే. వెళ్ళి, తలుపు తీసి, నేనే రాశానమ్మా అంటే అయిపోతుంది. కాళ్ళు కదలలేదు. కాళ్ళకు కూడా చూద్దాం అనడం అలవాటైనట్టుంది. ఆమె నీళ్ళు ఎత్తి తాగుతోంది, గొంతు కదలడం కనిపిస్తోంది. ఇప్పుడు వెళ్ళవచ్చు. గ్లాసు కడిగి ఇస్తోంది. ఇప్పుడైనా. ఇంతలో ఫోను మోగింది. ఆయన ఫోను అందుకున్నాడు, మునిగేవాడికి గడ్డిపరక దొరికినట్టు, సిగ్గులేకుండా.

"అన్నా, బయలుదేరాను," అన్నాడు అధ్యక్షుడు. "నాలుగు సంతకాలు, పది నిమిషాల పని. కొత్త బజారు శంకుస్థాపన బొమ్మ నీ ఫోటో వెనకాలే వేయిస్తున్నా. మన ప్రచారానికి అదే ప్రాణం. ఆ కొట్లవాళ్ళు ఏదో గొణుగుతున్నారట, నువ్వు ఒక్కమాట చెబితే సర్దుకుంటారు. నీ మనుషులేగా."

"చూద్దాం," అన్నాడు ఆయన.

"నువ్వు చూద్దాం అన్నావంటే అయిపోయినట్టే. నాకు తెలీదా," అని నవ్వి పెట్టేశాడు.

తెర మళ్ళీ తీసి చూస్తే వరండా ఖాళీ. గేటు దాకా వెళ్తే చాలు, వీధిలో ఆమె వీపు కనిపిస్తుంది. వెళ్ళలేదు. నాలిక మీద ఆ మాట ఇంకా ఉంది, రుచి లేకుండా, ఎవరో నమిలి ఇచ్చినట్టు. కొన్ని వందలమందికి, వేలమందికి పెట్టిన మాట, ఇవాళ మొదటిసారి తనే తిని చూశాడు. బల్ల మీద కాగితం గాలికి అంచు ఎత్తింది, వంకీలు అల్లల్లాడాయి. చింపాలంటే ఇప్పుడే. రెండు చింపులు. నూనె పడ్డ కాగితం తేలిగ్గా అంటుకుంటుంది కూడా. చింపాక? మూడింటికి సంతకం. ఇంకో ఐదేళ్ళు స్తంభం పక్కన. కూతురు ఈ గదిలో కూర్చుని, పక్క నుంచి రెండు వేళ్ళు దూర్చి పుస్తకాలు తీసుకుంటూ, ఆ రాసినవాడిని తిట్టుకుంటూ ఉంటుంది. తను అన్నం తింటూ వింటూ ఉంటాడు. చేతులు రెండూ కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుంటే నిద్ర వచ్చేలా ఉంది. ఎన్నేళ్ళ నిద్రో. దావా రాశాక నీ కక్షిదారు ఎదుట గొంతెత్తి చదువు, అన్నారు పెద్దాయన. మూడే మాటలు. ఆమె ఎదుట చదివి ఉంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయేవాడు.

"చట్టం జీర్ణమైతే వచ్చి అన్నం తినండి," అని భార్య పిలిచింది.

బల్ల దగ్గర నానమ్మా మనవరాలూ కూర్చున్నారు. తల్లికి అన్నం మెత్తగా కలిపి పెట్టింది కోడలు. కూతురు ఎడంచేత్తో ఏదో తీర్పు పేజీలు తిప్పుతూ కుడిచేత్తో తింటోంది. "ఆ పుస్తకం పక్కన పెట్టి తినవే," అని భార్య, "తింటున్నాగా అమ్మా," అని కూతురు. "పప్పులో ఇసుక తగిలితే నన్ననకండి, దాన్ని నేలపాలు చేసింది మీ నాన్న," అంది భార్య. ఆయన కుర్చీలో కూర్చుని, చేతిలో ఉన్న కాగితాన్ని కూతురి పళ్ళెం పక్కన పెట్టాడు.

"ఏమిటిది నాన్నా? నూనె కారుతోంది."

"తొమ్మిదో సెక్షన్ చదువు. ముందు అచ్చు చదువు. తర్వాత పక్కన రాసింది చదువు."

ఆమె చదివింది. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. తండ్రి చేతిరాత ఆమెకు, అది చూసి అక్షరాలు దిద్దుకున్నరోజు నుంచి తెలుసు. రెండోసారి చదివింది. ముద్ద పళ్ళెంలోకి దించింది.

"మూడు రోజులుగా ఈ రాసినవాణ్ణి తిడుతున్నాను," అంది నెమ్మదిగా.

"విన్నాను. ఇంకా తిట్టవచ్చు. ముందు ఇది విను." ఆయన మంచినీళ్ళు తాగాడు. కోర్టులో మాట్లాడే గొంతు, చాలాకాలంగా వాడనిది, తుప్పుపట్టి ఉంది గానీ తెగలేదు. "సభలో పంచిన కాగితం ఇది. మేం అవునన్నది ఈ అచ్చుకు. ఆ మూడు మాటలు క్యాంటీన్‌లో నేను రాసిచ్చాను. ఎవరూ సభలో చదవలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. ఇదంతా ప్రమాణం చేసి చెబుతాను. రేపు పొద్దున పైకోర్టుకు పిటిషన్ తయారుచెయ్యి, నలభైమంది తరఫునా. అఫిడవిట్ నాది. ఈ కాగితం దానికి జతచెయ్యి."

"టికెట్ పోతుంది నాన్నా."

"పోతుంది."

"అఫిడవిట్ ఇచ్చినంత మాత్రాన స్టే వస్తుందని చెప్పలేం."

"చెప్పలేం. అడగకుండా రాదని మాత్రం చెప్పగలను."

కూతురు ఎందుకు రాశావని అడగలేదు. అడుగుతుంది, ఇవాళ కాకపోతే రేపు, అప్పుడు చెప్పాలి, ఆ దీపం సంగతితో సహా. ఆమె కాగితాన్ని పళ్ళేనికి దూరంగా, తడి తగలని చోటికి జరిపి, దాని మీద తన పుస్తకం పెట్టింది.

"నూనె మరక పోదేమోనండీ," అంది భార్య, గరిట పట్టుకుని నిలబడి. "తెలిసుంటే పరిచేదాన్నా."

"పోనక్కర్లేదు. నువ్వు పరచకపోతే నేను ఎప్పుడో చింపేసేవాణ్ణి."

తల్లి చెవి ఇటు తిప్పింది. "ఏమంటున్నాడే వాడు? మళ్ళీ చూద్దామన్నాడా?"

"లేదు నానమ్మా," అంది మనవరాలు. "ఈసారి అనలేదు."

"అయితే అన్నం పెట్టండి వాడికి."

భార్య అన్నం వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిని, తల ఎత్తకుండానే, "తినగానే బజారుకు వెళ్తున్నాను. రాసింది నేనేనని ఆమెకు నేను చెప్పాలి, నోటీసో పేపరో చెప్పకముందే. నడిచే వెళ్తాను," అన్నాడు.

"మూడింటికి వాళ్ళొస్తే?"

"కూర్చోబెట్టు. వచ్చాక నేనే చెబుతాను. సంతకం పెట్టడం లేదని."

ఆవిడ పెరుగు గిన్నె ఆయన ముందుకు జరిపింది. "ఎండ మండిపోతోంది," అంది. "గొడుగు తలుపు వెనక పెట్టాను. తీసుకెళ్ళండి."